చిన్న బోర్డు మీద పాత వీడియో గేములు: విశాఖలో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

మా టీవీ కింద అరచేతి అంత రాస్ప్‌బెర్రీ పై (Raspberry Pi) అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి ఉంటుంది. కింద పై 3, పై 4 అన్నవి దాని మోడళ్ళే. ఆదివారం ఇంటికొచ్చినవాళ్ళు దాని మీద కాంట్రా ఒకసారి ఆడి వెళ్తారు. సోమవారం నుంచి ఫోన్లు మొదలు. "మాకూ అలాంటిది పెట్టుకోవాలి, ఏం కొనాలి?" "కొన్నాం, కానీ టీవీ నల్లగానే ఉంది." "ముస్తఫా గేమ్ ఎందుకు రావట్లేదు?" గాజువాక నుంచి మధురవాడ దాకా అడిగేవాళ్ళు మారుతున్నారు గానీ సందేహాలు అవే. అందుకే వాళ్ళు అడిగిన మాటల్లోనే ఇక్కడ రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

## కొనే ముందు

ఏ బోర్డు కొనాలి? కొత్త మోడలే తీసుకోవాలా?

అది మీరు ఏ ఆటలు ఆడాలనుకుంటున్నారో దాన్ని బట్టి ఉంటుంది. చిన్నప్పటి క్యాసెట్ గేములు, సెగా, సూపర్ నింటెండో, గేమ్‌బాయ్, పార్లర్ గేములు, ప్లేస్టేషన్ 1 వరకైతే 2016లో వచ్చిన పై 3 చాలు. మీ దగ్గరో, ఇంజనీరింగ్ చదివిన మీ తమ్ముడి దగ్గరో ప్రాజెక్టుకు కొన్న పై 3 సొరుగులో పడి ఉంటే కొత్తది కొనకండి.

కొనాల్సి వస్తే నేను పై 4 తీసుకోమంటాను. 2 జీబీ ర్యామ్ సరిపోతుంది. పాత ఆటలకు 8 జీబీ కొనడం డబ్బు దండగ. డ్రీమ్‌క్యాస్ట్, పీఎస్‌పీ, నింటెండో 64లో చాలా ఆటలు దీని మీద ఆడుకోవచ్చు. ప్లేస్టేషన్ 2 మాత్రం ఆశించకండి. 2023లో వచ్చిన పై 5 ఇంకా వేగంగా ఉంటుంది, కానీ దానికి 3.5 ఎంఎం జాక్ లేదు. పాత డబ్బా టీవీకి కలపాలనుకునేవాళ్ళకు అది ఇబ్బంది.

పై జీరో 2 డబ్ల్యూ చవగ్గా ఉంది కదా, అది చాలదా?

ఒక్కరే ఆడేందుకు, క్యాసెట్ గేముల వరకు చాలు. ర్యామ్ 512 ఎంబీ మాత్రమే. కంట్రోలర్ పెట్టడానికి మైక్రో యూఎస్‌బీ పోర్టు ఒకటే ఉంటుంది, కాబట్టి ఇద్దరు ఆడాలంటే ఒక పోర్టును పలు పోర్టులు చేసే హబ్ కొనాలి. టీవీకి మినీ హెచ్‌డీఎంఐ అడాప్టర్ కూడా కావాలి. ఇవన్నీ కలిపితే మిగిలేది పెద్దగా ఉండదు.

ఫోన్ ఛార్జర్ పెడితే పని చేయదా? నాది 33 వాట్స్ ఫాస్ట్ ఛార్జర్!

నాకొచ్చే ఫోన్లలో సగానికి మూలం ఇదే. ఫాస్ట్ ఛార్జర్ మీద రాసిన వాట్స్, ఛార్జర్ ఫోన్‌తో మాట్లాడుకుని వోల్టేజీ పెంచినప్పుడు ఇచ్చేవి. పై 4 అలా మాట్లాడదు, దానికి 5 వోల్ట్‌లే కావాలి. ఛార్జర్ మీద చిన్న అక్షరాల్లో 5 వోల్ట్‌ల దగ్గర ఎన్ని ఆంప్స్ రాసి ఉందో చూడండి. చాలావాటికి 2 మాత్రమే ఉంటుంది. పై 4 కి 5.1 వోల్ట్‌లు, 3 ఆంప్స్ అడాప్టర్ కావాలి. పై 3 కి 2.5 ఆంప్స్. పై 5 కి 5 ఆంప్స్ ఇచ్చే 27 వాట్స్ అడాప్టర్ ఉంది. దానికి 3 ఆంప్స్‌దే పెడితే బోర్డు నడుస్తుంది గానీ, యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీ ఆంప్స్ మించి ఇవ్వదు.

మా మేనల్లుడి ఇంట్లో రెండో కంట్రోలర్ పెట్టగానే బోర్డు రీస్టార్ట్ అయ్యేది. రెండు మెమరీ కార్డులు మార్చాడు, మూడుసార్లు మొదటి నుంచీ ఇన్‌స్టాల్ చేశాడు. నేను వెళ్ళి చూస్తే తెర పైమూల కుడివైపు చిన్న పసుపు మెరుపు గుర్తు వచ్చి పోతోంది. బోర్డుకు అందే వోల్టేజీ సుమారు 4.63 కంటే తగ్గితే ఆ గుర్తు వస్తుంది. సరైన అడాప్టర్ పెట్టాక ఆ ఇంట్లో మళ్ళీ ఆ సమస్య రాలేదు. ఎక్కడైనా పొదుపు చేయండి గానీ అడాప్టర్ దగ్గర వద్దు.

మెమరీ కార్డు ఎంతది కొనాలి?

32 జీబీ. ప్లేస్టేషన్ ఆటలు ఎక్కువ పెట్టుకుంటే 64. పాత క్యాసెట్ గేములు ఒక్కోటి కొన్ని వందల కిలోబైట్లే, కాబట్టి అవి ఎన్ని పెట్టినా కార్డు నిండదు. సైజు కంటే కార్డు అసలుదా కాదా అన్నదే ముఖ్యం. పైన 64 అని ముద్రించి లోపల 8 మాత్రమే ఉన్న నకిలీ కార్డులు తిరుగుతున్నాయి. అవి మొదట బాగానే ఉన్నట్టు కనిపించి, 8 దాటాక రాసిందల్లా పోగొడతాయి. కొన్న రోజే కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పరీక్షించండి. గంటో రెండు గంటలో పట్టినా పట్టనివ్వండి.

పది వేల గేములు ఎక్కించిన కార్డు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. కొనెయ్యనా?

వద్దు. ఆ ఆటల హక్కులు అమ్మేవాడివి కావు. ఇక వాడకం సంగతి చూస్తే, పది వేల పేర్ల జాబితాలో పిల్లలు అరగంట స్క్రోల్ చేసి ఏదీ ఆడకుండా లేచిపోతారు. చిన్నప్పటి "9999 ఇన్ 1" క్యాసెట్ గుర్తుందా? అందులో నిజంగా ఉన్నవి కొన్నే, మిగతావన్నీ అవే ఆటలు వేరే లెవెల్ నుంచి మొదలయ్యేవి. అయినా మనం ఆడిందీ, ఈ రోజుకీ గుర్తుంచుకున్నదీ అయిదారే. మా ఇంట్లో ఇప్పుడు 23 ఆటలున్నాయి, అన్నీ ఆడేవే.

మరి గేములు పెట్టుకోవడం చట్టబద్ధమేనా?

ఎమ్యులేటర్, అంటే పాత గేమ్ మెషీన్‌లా నడిచే ప్రోగ్రామ్, పెట్టుకోవడంలో తప్పు లేదు. ప్రశ్నంతా గేమ్ ఫైల్ గురించే. మన 1957 కాపీరైట్ చట్టంలో సెక్షన్ 52, ప్రోగ్రామ్ కాపీని న్యాయంగా కలిగి ఉన్నవాళ్ళు అది పాడైపోతుందేమోనని బ్యాకప్ చేసుకోవడానికి వీలు ఇస్తుంది. ఇంటర్నెట్‌లో దొరికింది దించుకోవడం దాని కిందకు రాదు. ఇంకో మాట కూడా చెప్పాలి, మన చిన్నప్పటి క్యాసెట్లలో చాలా భాగం నకిలీవే, వాటికి బ్యాకప్ అనే వాదన నిలబడదు.

ఏ టెన్షన్ లేకుండా ఆడుకోవడానికి ఉచితంగా ఇచ్చినవి బోలెడు ఉన్నాయి. 1993 నాటి డూమ్‌లో ఉచితంగా పంచిన షేర్‌వేర్ భాగం, 2004లో వచ్చిన కేవ్ స్టోరీ, గేమ్‌బాయ్ కోసం కొత్తగా రాసిన టోబు టోబు గర్ల్ లాంటివి. పార్లర్ గేముల ఎమ్యులేటర్ అయిన మేమ్ ప్రాజెక్టు వాళ్ళ సైట్‌లో హక్కుదారులే అనుమతించిన కొన్ని పార్లర్ గేములు కూడా దొరుకుతాయి. మొదట వీటితో బోర్డు సరిగ్గా నడుస్తోందో లేదో చూసుకోండి.

## ఇన్‌స్టాల్ చేసేటప్పుడు

రెట్రోపై, బటోసెరా, రీకల్‌బాక్స్, లక్కా: ఏది మంచిది?

ఇవి బోర్డును గేమ్ మెషీన్‌గా మార్చే సాఫ్ట్‌వేర్లు, అన్నీ ఉచితమే. నేను వాడేది రెట్రోపై. ఎందుకంటే ఏదైనా పాడైతే లోపలికి వెళ్ళి సరిచేసుకోవచ్చు. దాని సిద్ధమైన ఇమేజ్ (మెమరీ కార్డు మీద నేరుగా రాసే ఫైల్) 4.8 వెర్షన్ 2022లో వచ్చింది, పై 4 వరకు పని చేస్తుంది. పై 5 ఉంటే రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ లైట్ వేసి దాని మీద రెట్రోపై సెటప్ స్క్రిప్ట్ నడపాలి. కమాండ్లు టైప్ చేయడం ఇష్టం లేనివాళ్ళు బటోసెరా లేదా రీకల్‌బాక్స్ వేసుకోండి. వాటికి పై 5 ఇమేజ్ సిద్ధంగా ఉంది, కార్డు మీద రాస్తే చాలు.

కార్డు రాసేశాక విండోస్ "ఫార్మాట్ చేయాలా?" అని అడుగుతోంది. ఏం చేయాలి?

క్యాన్సిల్ నొక్కండి. కార్డు పాడవలేదు. రాసిన తర్వాత అందులో రెండు భాగాలు ఉంటాయి. చిన్న బూట్ భాగం విండోస్‌కు అర్థమవుతుంది. పెద్ద భాగం లినక్స్ పద్ధతిలో ఉంటుంది కాబట్టి విండోస్ దాన్ని ఖాళీ కార్డు అనుకుంటుంది. అలవాటుగా ఓకే కొట్టేసి, చేసిందంతా చెరిపేసుకున్నవాళ్ళు నాకు తెలిసి నలుగురున్నారు.

అన్నీ పెట్టాను, టీవీలో ఏమీ రావట్లేదు. బోర్డు పోయిందా?

దాదాపు ఎప్పుడూ కాదు. పై 4 లో రెండు మైక్రో హెచ్‌డీఎంఐ పోర్టులుంటాయి. పవర్ పోర్టు పక్కనున్నదే మొదటిది, అందులోనే పెట్టండి. తర్వాత టీవీని ముందుగా ఆన్ చేసి, సరైన ఇన్‌పుట్ ఎంచుకుని, అప్పుడు బోర్డుకు పవర్ ఇవ్వండి. బోర్డు మీద ఎర్ర లైటు వెలిగి ఆకుపచ్చ లైటు అసలు మిణుకుమనకపోతే కార్డు చదవడం లేదని అర్థం, ఇమేజ్ మళ్ళీ రాయండి. రెండూ వెలుగుతూ బొమ్మ రాకపోతే బూట్ భాగంలోని కాన్ఫిగ్ ఫైల్‌లో హెచ్‌డీఎంఐ ఫోర్స్ హాట్‌ప్లగ్ అనే లైన్ ముందున్న హ్యాష్ (#) గుర్తు తీసేయండి.

వైఫై కనపడట్లేదు

సెట్టింగ్స్‌లో వైఫై దేశం ఇండియా అని పెట్టారా? అది పెట్టేదాకా బోర్డు వైఫైని ఆపేసి ఉంచుతుంది.

## కంట్రోలర్లు

మొదటిసారి బటన్లు అడుగుతోంది. నా కంట్రోలర్‌కు అన్ని బటన్లు లేవు!

లేని బటన్ వచ్చినప్పుడు ఉన్న ఏదో ఒక బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకోండి, దాన్ని దాటేసి ముందుకు వెళ్తుంది. చివర్లో హాట్‌కీ (వేరే బటన్లతో కలిపి నొక్కే బటన్) అడుగుతుంది, దానికి సెలెక్ట్ ఇవ్వండి.

ఆటలోంచి బయటికి ఎలా రావాలి? ప్రతిసారీ ప్లగ్ పీకేస్తున్నాం

అలా పీకకండి. సెలెక్ట్, స్టార్ట్ కలిపి నొక్కితే ఆట మూసుకుని జాబితాకు వస్తుంది. సెలెక్ట్ పట్టుకుని కంట్రోలర్ ముందు అంచున ఉండే కుడి భుజం బటన్ నొక్కితే ఉన్నచోట సేవ్ అవుతుంది, ఎడమ భుజం బటన్‌తో అక్కడికే తిరిగి వెళ్తారు. ఒక కాగితం మీద రాసి టీవీ పక్కన అంటించండి. మా అమ్మాయి అది చూసే నేర్చుకుంది.

వైర్‌లెస్ కంట్రోలర్ మధ్యమధ్యలో ఆగిపోతోంది

రిసీవర్‌ను నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులోంచి తీసి నల్ల పోర్టులో పెట్టండి. యూఎస్‌బీ 3 పోర్టు పని చేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కు అడ్డు పడుతుంది, చవక రిసీవర్లు వాడేది అదే. ఇంకా ఆగుతుంటే ఒక జానెడు ఎక్స్‌టెన్షన్ వైర్‌తో రిసీవర్‌ను బోర్డుకు దూరంగా పెట్టండి.

## గేములు ఎక్కించాక

ఫైల్ పెట్టాను, జాబితాలో కనిపించట్లేదు

ఒక్కో మెషీన్‌కు ఒక్కో ఫోల్డర్ ఉంటుంది. సరైన ఫోల్డర్‌లో పెట్టి, స్టార్ట్ నొక్కి, క్విట్‌లోకి వెళ్ళి, ఆటల జాబితా చూపించే ఎమ్యులేషన్‌స్టేషన్‌ను రీస్టార్ట్ చేయండి. అది జరిగేదాకా కొత్త ఫైళ్ళు కనిపించవు.

చిన్నప్పుడు ఆడిన ఆట పేరు గుర్తు లేదు. ఎలా వెతకాలి?

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది. అడిగినవాళ్ళు పేరు చెప్పలేరు గానీ, చేతులు ఊపుతూ ఆట మొత్తం చూపిస్తారు. ఇటుకల మధ్య తిరుగుతూ కింద ఉన్న గద్దను కాపాడుకునే ట్యాంక్ గేమ్, 1985 నాటి బ్యాటిల్ సిటీ. టోపీ పెట్టుకుని, గొడ్డళ్ళు విసురుతూ, పండ్లు తింటూ, గుడ్డు పగిలితే స్కేట్‌బోర్డు ఎక్కే పిల్లాడు, 1986 నాటి అడ్వెంచర్ ఐలాండ్. మన క్యాసెట్లలో దాన్ని ఐలాండర్ అని కూడా వేసేవారు. ఎర్ర కారు, పెట్రోలు అయిపోతూ ఉంటుంది, నూనె మీద జారితే ప్రమాదం అంటే రోడ్ ఫైటర్. సింహం ఎక్కి నిప్పు చక్రాల్లోంచి దూకేది సర్కస్ చార్లీ.

వెతికేవాళ్ళు పొరపాటు చేసేది ఎక్కడంటే, నింటెండో అమెరికాలో అమ్మిన ఎన్‌ఈఎస్ మెషీన్ జాబితా తెరుస్తారు. బ్యాటిల్ సిటీ, సర్కస్ చార్లీ అందులో ఉండవు. అవి ఎన్‌ఈఎస్‌కు రాలేదు, అదే మెషీన్‌కు జపాన్ రూపమైన ఫ్యామికామ్‌కే వచ్చాయి. మనం ఆడిన "టీవీ గేమ్" ఆ ఫ్యామికామ్‌కు నకలే. జపాన్ జాబితాలో చూడండి.

ముస్తఫా ఎందుకు రావట్లేదు? ఫైల్ ఉంది, నొక్కితే వెనక్కి వచ్చేస్తోంది

ముస్తఫా అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్. 1993లో క్యాప్‌కామ్ తెచ్చిన పార్లర్ గేమ్. పసుపు టోపీ పెట్టుకున్న ముస్తఫా కైరో అనే పాత్ర మన పిల్లలకు ఎంత నచ్చిందంటే ఆటకే ఆ పేరు స్థిరపడిపోయింది.

పార్లర్ గేములది క్యాసెట్ గేముల పద్ధతి కాదు. ఒక్కో ఆట అసలు బోర్డులో ఉన్న చిప్‌ల కాపీలన్నీ కలిపి ఒక జిప్ ఫైల్‌గా ఉంటాయి. ఎమ్యులేటర్ వెర్షన్ మారినప్పుడల్లా ఏ చిప్‌లు ఉండాలో ఆ జాబితా కూడా మారుతుంది. మేమ్ 2003 ఎమ్యులేటర్‌కు 0.78 వెర్షన్ సెట్ (ఆ వెర్షన్‌కు సరిపోయే జిప్ ఫైళ్ళు) కావాలి. ఎఫ్‌బీ నియో అనే ఇంకో ఎమ్యులేటర్‌కు దాని తాజా సెట్ కావాలి. ఒకదానిది ఇంకోదానికి పెడితే తెర నల్లబడి వెనక్కి వస్తుంది. జిప్‌ను విప్పకూడదు, పేరు కూడా మార్చకూడదు. ముస్తఫా అని పేరు పెడితే ఎమ్యులేటర్ గుర్తుపట్టదు, డైనో అనే పేరే ఉండాలి.

చట్టం మాట కూడా చెప్పాలి. ఈ ఆట ఇంటి కన్సోళ్ళకు ఎప్పుడూ రాలేదు, కాబట్టి డబ్బులిచ్చి కొనుక్కుందామన్నా దొరకదు. నాకు నిజంగా బాధగా ఉండే విషయం అది.

బాతుల ఆటకు తుపాకీ పని చేయదా?

పాత తుపాకీ కొత్త టీవీ మీద పని చేయదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల డబ్బా వస్తుంది, తుపాకీ ఆ వెలుగును చూస్తుంది. డబ్బా టీవీలో అది తక్షణం జరుగుతుంది. ఎల్‌ఈడీ టీవీ ఆలస్యంగా చూపిస్తుంది కాబట్టి తుపాకీకి ఏమీ కనపడదు. మౌస్‌తో ఆడుకోవచ్చు.

కాంట్రాలో 30 లైఫ్‌ల కోడ్ పని చేస్తుందా?

చేస్తుంది, అమెరికా వెర్షన్ అయితే. టైటిల్ తెర దగ్గర పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బీ, ఏ, తర్వాత స్టార్ట్. ఇద్దరు ఆడాలంటే స్టార్ట్‌కు ముందు సెలెక్ట్.

## టీవీ, బొమ్మ

మారియో లావుగా కనిపిస్తున్నాడు

పాత ఆటలు 4:3 తెర కోసం చేసినవి, మీ టీవీ 16:9. టీవీలో గానీ ఎమ్యులేటర్‌లో గానీ తెర నిండా సాగదీసే సెట్టింగ్ ఆన్ అయి ఉంది. 4:3 పెట్టండి, రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి. రెండు రోజుల్లో కళ్ళు అలవాటు పడతాయి.

బటన్ నొక్కాక కాస్త ఆగి దూకుతున్నాడు

టీవీ మెనూలో గేమ్ మోడ్ ఆన్ చేయండి. బొమ్మకు మెరుగులు దిద్దే పని టీవీ మానేస్తుంది, ఆలస్యం తగ్గుతుంది. బోర్డును అనుమానించే ముందు ఇది చూడండి.

అటక మీద పాత డబ్బా టీవీ ఉంది. దానికి కలపొచ్చా?

కలపండి, ఆ బొమ్మ అందమే వేరు. పై 3, పై 4 ల 3.5 ఎంఎం జాక్‌లోంచి ఎరుపు, తెలుపు, పసుపు వైర్లు తీసుకోవచ్చు. షాపులో ఇచ్చే వైర్లన్నీ ఒకే అమరికలో ఉండవు. పసుపు వైర్‌తో బొమ్మ రాకపోతే ఎర్ర వైర్‌ను పసుపు సాకెట్‌లో పెట్టి చూడండి. పై 4 లో ఈ అవుట్‌పుట్ మొదట ఆపి ఉంటుంది, కాన్ఫిగ్ ఫైల్‌లో టీవీ అవుట్ ఆన్ చేయాలి. మన టీవీలు పాల్ అనే రంగుల ప్రసార పద్ధతివి కాబట్టి దానికి సంబంధించిన మోడ్ 2 పెట్టండి. లేకపోతే బొమ్మ నలుపు తెలుపులో రావచ్చు.

## రోజూ వాడుతుండగా

ఆడుతుండగా కరెంట్ పోతే పాడవుతుందా?

బోర్డుకు ఏమీ కాదు. అదే సమయంలో కార్డు మీద ఏదైనా రాస్తూ ఉంటే కార్డులోని ఫైళ్ళు దెబ్బతినొచ్చు. ఇంకో నష్టం చాలామందికి తెలియదు. ఆటలోపల చేసిన సేవ్‌ను, ఎమ్యులేటర్లను నడిపే రెట్రోఆర్క్ అనే ప్రోగ్రామ్ మామూలుగా ఆట మూసినప్పుడే కార్డు మీద రాస్తుంది. గంట ఆడి, సేవ్ చేసి, ఆట మూయకముందే కరెంట్ పోతే ఆ గంటా పోయినట్టే. సెట్టింగ్స్‌లో ఆటోసేవ్ వ్యవధిని 60 సెకన్లు పెట్టుకోండి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. ఆ మోడ్‌లో కరెంట్ మారే సమయం తక్కువ, బోర్డు రీస్టార్ట్ కాకుండా నిలబడుతుంది. వైఫై రౌటర్ కోసం అమ్మే చిన్న యూపీఎస్‌లు ఎక్కువగా 12 వోల్ట్‌లవి, వాటిని బోర్డుకు కలపకండి.

మే నెలలో ఆట నెమ్మదిస్తోంది

వేడి. చిప్ 80 డిగ్రీలు దాటితే తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. టీవీ క్యాబినెట్ తలుపు వెనక, సెట్‌టాప్ బాక్స్ మీద పెడితే మన ఎండాకాలంలో అక్కడికి చేరడం ఎంతసేపు? బయటికి తీసి గాలి తగిలే చోట పెట్టండి. ఒళ్ళంతా హీట్‌సింక్‌గా ఉండే అల్యూమినియం కేస్ కొంటే ఫ్యాన్ మోత ఉండదు.

మాది బీచ్ రోడ్ పక్కన. ఉప్పుగాలికి పాడవుతుందా?

బోర్డు కంటే ముందు దెబ్బతినేవి కనెక్టర్లు. పెదవాల్తేరులో తెలిసినవాళ్ళ ఇంట్లో సముద్రం వైపు కిటికీ కిందే పెట్టారు. ఏడాది తిరిగేసరికి కంట్రోలర్ యూఎస్‌బీ పిన్నుల మీద ఆకుపచ్చ పొర పట్టి, కుడివైపు బటన్ ఒకసారి పని చేసి ఒకసారి మానేసేది. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి, ఆరాక రెండు మూడుసార్లు పెట్టి తీస్తే సరయింది. నీళ్ళు, శానిటైజర్ వాడకండి. కిటికీకి దూరంగా గోడ పక్కన పెట్టండి. వారాల తరబడి ఆడకపోతే బోర్డును, కంట్రోలర్లను మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి.

కార్డు పోతే అంతా మొదటి నుంచీ చేయాలా?

బ్యాకప్ ఉంటే అరగంట పని. అన్నీ సరిగ్గా కుదిరిన రోజే కార్డు మొత్తాన్ని కంప్యూటర్‌లో ఇమేజ్‌గా తీసి పెట్టుకోండి. తర్వాత సేవ్ ఫైళ్ళను నెలకోసారి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే చాలు, అవి చాలా చిన్నవి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా కిటికీలు పగిలి, అటక మీది క్యాసెట్ల పెట్టెలోకి వాన నీళ్ళు వెళ్ళాయి. వారం తర్వాత తెరిచి చూస్తే లోపలి పిన్నులన్నీ పచ్చగా తుప్పు పట్టి ఉన్నాయి. మా అన్నయ్యా నేనూ నోటితో ఊది ఊది ఆడిన క్యాసెట్ ఒకటి ఇప్పటికీ దాచాను, అది పని చేయదు. అందుకే ప్రతి నెలా ఒకటో తారీఖున మా అమ్మాయి సేవ్‌లు పెన్‌డ్రైవ్‌లోకి వెళ్తాయి. ఆ పెన్‌డ్రైవ్ బీరువాలో, నగల డబ్బా పక్కన ఉంటుంది.